తలకాయ తేడా

మావారి ఉద్యోగం తువాస్‌లో. అక్కడన్నీ ఫ్యాక్టరీలూ, రేవులూ, లారీలే కాబట్టి మనలాంటివాళ్ళకి అటు పెద్దగా పనుండదు. పోయిన నెల ఆఫీసువాళ్ళ ఫ్యామిలీ డిన్నర్ మాత్రం అక్కడే, సముద్రం ఒడ్డున పెట్టారు. దూరంగా మలేసియా వెళ్ళే వంతెన దీపాలు. ఒకబ్బాయి వయొలిన్ మీద 'పోర్ ఉన కబేసా' ఎత్తుకున్నాడు. పేరు తెలియకపోయినా ఆ బాణీ మీలో చాలామంది వినే ఉంటారు. 1992లో వచ్చిన 'సెంట్ ఆఫ్ ఎ ఉమన్' సినిమాలో చూపులేని ఆల్ పచినో ఒకమ్మాయితో టాంగో ఆడతాడే, అదే. "ఎంత రొమాంటిక్‌గా ఉందో!" అంది పక్కనావిడ. నేనూ తలూపాను.

ఇంటికొచ్చి అర్థం వెతికితే నవ్వొచ్చింది. 'తలకాయ తేడాలో' అని అర్థమట. గుర్రప్పందేల మాట! 1935లో 'టాంగో బార్' సినిమా కోసం కార్లోస్ గార్డెల్ బాణీ కట్టి పాడాడు, మాటలు ఆల్ఫ్రెడో లె పెరావి. గెలవాల్సిన గుర్రం సరిగ్గా గీత దగ్గర తలకాయ తేడాలో ఓడిపోతుంది. పందెం కట్టినవాడు ఆ గుర్రాన్నీ, తనని ఆడించిన అమ్మాయినీ ఒకే గాటన కడతాడు. ఇక చాలు, ఒట్టు అంటాడు. మళ్ళీ ఆదివారం మంచి గుర్రం కనబడితే మాత్రం ఉన్నదంతా పెట్టేస్తాడట. గార్డెల్‌కే రేసుల పిచ్చి, 'లునాటికో' అని సొంత గుర్రం కూడా ఉండేది. ఆ ఏడాదే జూన్ 24న కొలంబియాలోని మెడెయిన్‌లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయనా, లె పెరా ఇద్దరూ పోయారు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మా చిన్నమామయ్య గుర్తొచ్చాడు. మలక్‌పేట రేసుల నుంచి రాత్రి ఏ వేళకో వచ్చి, వంటింటి గడప మీద కూర్చుని, "తలకాయ తేడాలో పోయిందక్కా" అనేవాడు అమ్మతో. ఓడిపోయానని ఒక్కసారీ అనలేదు. రెండెకరాలు పోయాయి, అమ్మ ఇచ్చిన గొలుసు పోయింది, అత్తయ్య పుట్టింటికి వెళ్ళిపోయింది. అన్నీ కొంచెంలోనే! నేను బీయస్సీలో చదివింది స్టాటిస్టిక్స్. తలకాయ తేడాలో ఓడినా, ఆఖర్న వచ్చినా, గెలుపు మీద కట్టినవాడి చేతికొచ్చేది సున్నాయే. ఆ లెక్క మామయ్యకి చెప్పే ధైర్యం అప్పుడు లేదు.

ఇక్కడ క్రాంజిలో గుర్రాలు ఆగిపోయాయి. 1842లో పుట్టిన క్లబ్బు 2024 అక్టోబరు 5న ఆఖరి పందేలు నడిపింది. ఆ స్థలంలో ఇళ్ళు కడతారట. టోటో క్యూలు మాత్రం తగ్గలేదు, సింగపూర్లో ఉన్నవాళ్ళు చూస్తూనే ఉంటారు. మావారూ కొంటారు. మొదట్లో చైనీస్ న్యూ ఇయర్‌కి సరదాగా ఒక్కటి. ఇప్పుడు సోమవారం, గురువారం రెండు డ్రాలకీ. ఎంత పెడుతున్నారో ఎప్పుడూ అడగలేదు.

మొన్న గురువారం నేను పోపు వేస్తుంటే హాల్లోంచి వినబడింది. "అబ్బ, ఒక్క నంబరులో పోయిందే!"

అచ్చం మామయ్య గొంతే. స్టవ్ కట్టేసి వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఆ రోజు తువాస్‌లో వాయించిన పాట గుర్తుందా? దాని అర్థం చెప్పనా?" అన్నాను.

పెళ్ళయి పదకొండేళ్ళయినా మామయ్య సంగతి ఆయనకి చెప్పలేదు, మా పుట్టింటి పరువని. ఆ రాత్రి గొలుసుతో సహా అంతా చెప్పాను. ఫోను బోర్లా పెట్టి విన్నారు. "నెలకి ఎంతవుతోందండీ?" అని అడిగాను.

లెక్క చూసి చెప్తానన్నారు. ఇంకా చెప్పలేదు.