సొంత పికప్ రైతుకు ఆస్తా, గుదిబండా?

మదనపల్లె చుట్టుపక్కల టమోటా పండించే పల్లెల్లో ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒక చర్చ తప్పక వస్తున్నది. కాయను మండీకి చేర్చేందుకు పికప్ వ్యాను సొంతంగా కొనడమా, లేక బాడుగకే తోలించుకోవడమా? 2005లో టాటా ఏస్ రంగంలోకి వచ్చినప్పటి నుంచి చిన్న సరకు వాహనాలు పొలం గట్టు దాకా రావడం మొదలుపెట్టాయి. ఇప్పుడు పల్లెపల్లెకూ పికప్‌లు ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరకు వాహనాలపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో కొనాలన్న ఉబలాటం మరింత పెరగడంలో వింత లేదు.

కొనేవాడు తెలివితక్కువవాడూ కాదు, బాడుగకు పిలుచుకునేవాడు చేతకానివాడూ కాదు. లెక్క తేల్చుకోకుండా కొనడంలోనే చేటు ఉన్నది. దురదృష్టవశాత్తు ఆ లెక్కను రైతుకు విడమరచి చెప్పే నాథుడు లేడు. అమ్మేవాడికి అమ్మకం కావాలి, అప్పిచ్చేవాడికి వడ్డీ కావాలి. మధ్యలో సంతకం మాత్రం రైతుది.

బాడుగ బాధలు

సొంత బండి కావాలన్న కోరిక ఊరకే పుట్టలేదు. టమోటా కోత రోజున బండి రాకపోతే రైతు పడే అవస్థ అంతా ఇంతా కాదు. పండిన కాయ ఆగదు. కోసి క్రేట్లకెత్తిన సరకు చెట్టు కింద ఎండకు మెత్తబడుతుంటే, రైతు ఫోను చేతబట్టుకుని దారి వంక చూడవలసి వస్తున్నది. ఊరంతా ఒకే వారంలో కోతకు వచ్చినప్పుడు బాడుగ అమాంతం పెరుగుతుంది. ‘ఇష్టమైతే ఎక్కించు, లేకుంటే లేదు’ అన్నట్టు ఉంటుంది వరుస. వేలంపాట సమయం దాటి చేరిన సరకుకు ధర తగ్గితే ఆ నష్టం బండివాడిది కాదు, రైతుదే.

ఇంకో సంగతి కూడా ఉన్నది. సొంత బండి ఉన్న రైతు మదనపల్లెలో ధర బాగాలేదనుకుంటే అంగళ్లుకో, గుర్రంకొండకో, కలికిరికో, ములకలచెరువుకో మళ్లించగలడు. అవసరమైతే సరిహద్దు దాటి కోలారుకు పోగలడు. బాడుగ బండి మాత్రం మాట్లాడుకున్న మండీకే పోతుంది. కాబట్టి సొంత బండి వల్ల కలిగే స్వేచ్ఛను తక్కువ చేసి చూడడానికి లేదు. అయితే ఆ స్వేచ్ఛ ఖరీదెంత అన్నదే ప్రశ్న.

కంతుల లెక్క

లెక్క కోసం బండి ఖరీదు రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సుతో కలిపి 10 లక్షలు అనుకుందాం. రైతు చేతి నుంచి 2 లక్షలు కట్టి, 8 లక్షలు ఫైనాన్సు తీసుకున్నాడు. ‘ఎనిమిది శాతమే వడ్డీ, నాలుగేళ్లు కట్టండి’ అని ఏజెంటు చెప్పాడు. ఇది ఫ్లాట్ వడ్డీ. అంటే 8 లక్షల మీద ఏడాదికి 64 వేలు, నాలుగేళ్లకు 2 లక్షల 56 వేలు. అసలుతో కలిపి 10 లక్షల 56 వేలను 48 కంతులుగా పంచితే నెలకు 22 వేలు వస్తుంది.

కిటుకంతా ఇక్కడే ఉన్నది. ప్రతి కంతులోనూ కొంత అసలు తీరుతూనే ఉంటుంది. రెండేళ్లు గడిచేసరికి అసలులో చాలా భాగం తిరిగి కట్టేసినా, వడ్డీ మాత్రం మొత్తం 8 లక్షల మీదనే లెక్కవేసి ఉంటుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే ఈ ఎనిమిది శాతం నిజానికి 14 శాతం పైచిలుకే. నోటితో చెప్పిన వడ్డీకీ జేబులోంచి పోయే వడ్డీకీ ఇంత తేడా ఉండడం గమనించదగిన విషయం.

ఈ మోసానికి అడ్డుకట్ట వేసే నిబంధన లేకపోలేదు. చిల్లర రుణాలకు, చిన్న పరిశ్రమల రుణాలకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ రేటును ఒక కాగితం మీద స్పష్టంగా చూపాలని, ఆ కాగితం అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి కొత్త రుణాలకు అది తప్పనిసరి. ఇంగ్లీషు కాగితాల దొంతర మీద ఇరవై చోట్ల వేలు పెట్టి చూపి సంతకాలు చేయించుకునే చోట రైతు ఈ కాగితాన్ని తెలుగులో ఇవ్వమని నిలదీసి అడగవచ్చు. అది హక్కు, దయ కాదు.

ఎన్ని ట్రిప్పులుంటే గిట్టుబాటు?

నెలకు కంతు 22 వేలు. ఇన్సూరెన్సు, పన్ను, ఫిట్‌నెసు, టైర్లు, మరమ్మతులకు నెలకు సగటున 6 వేలు పక్కన పెట్టాలి. అంటే బండి కదిలినా కదలకపోయినా 28 వేలు. డ్రైవరును పెట్టుకుంటే జీతం 15 వేలు కలిపి 43 వేలు. నాలుగేళ్ల తర్వాత బండి 4 లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే, మొదట కట్టిన 2 లక్షలు పోను మిగిలేది 2 లక్షలు. దాన్ని 48 నెలలకు పంచితే నెలకు సుమారు 4 వేల పైన తగ్గించుకోవచ్చు. అప్పుడు రైతు తానే తోలుకుంటే నెల భారం 24 వేల దాకా, డ్రైవరుతో అయితే 39 వేల దాకా తేలుతుంది. చేతి నుంచి పెట్టిన 2 లక్షలకు వడ్డీ ఇందులో కలపలేదు.

ఊరి నుంచి మండీకి ట్రిప్పు బాడుగ 2 వేలు అనుకుంటే, సొంత బండికి అదే ట్రిప్పుకు డీజిలు వగైరా 700 అవుతుందనుకుందాం. మిగిలేది 1,300. ఆ ప్రకారం తానే తోలుకునే రైతుకు నెలకు 19 ట్రిప్పులు, డ్రైవరును పెట్టుకున్నవాడికి 30 ట్రిప్పులు పడితే తప్ప బండి తన ఖర్చు తాను రాబట్టుకోదు. ఆ పైన పడే ట్రిప్పుల్లోనే లాభం. అదీ ఒక నెల కాదు, ఏడాదికి పన్నెండు నెలలూ పడాలి.

మూడెకరాల రైతు ఏడాదికి రెండు పంటలు తీసి, పంటకు 20 ట్రిప్పుల చొప్పున తోలినా మొత్తం 40 ట్రిప్పులే. బాడుగ కింద పోయేది ఏడాదికి 80 వేలు. కంతులకే పోయేది 2 లక్షల 64 వేలు. సీజనులో బాడుగ రెట్టింపు అయినా సరే, ఈ రెండంకెల మధ్య దూరం పూడదు.

‘మిగతా రోజుల్లో బాడుగకు తోలుకుంటాను’ అనేది మామూలుగా వినిపించే సమాధానం. వినడానికి బాగానే ఉన్నది. కానీ ఊళ్లో కోత ఉన్న రోజున అందరికీ బండి కావాలి, కోత లేని రోజున ఎవరికీ వద్దు. ఒక ఊళ్లో రెండు బండ్లున్నప్పుడు దొరికిన బాడుగ, పది బండ్లయినాక దొరకదు. పైగా బాడుగ కోసం తిరిగేవాడు పొలం ఎవరికి అప్పగించాలి? ఎద్దులబండి కాలంలో బండి చావడిలో నిలిచినా ఎద్దులు దుక్కి దున్నేవి, పేడ ఎరువయ్యేది. పికప్ వ్యాను నిలిచిపోతే కంతు తప్ప మరేమీ కదలదు.

పని పోతే బండి ఏమవుతుంది?

బండి విలువ దానికి దొరికే పనిని బట్టి ఉంటుందనడానికి రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. ఇంటింటికీ రేషను అందించేందుకు 2021 జనవరి 21న 9,260 వాహనాలను ప్రారంభించారు. వేలాది యువకులకు అదే ఉపాధి అయింది. 2025 జూన్ 1 నుంచి ఆ విధానం ఆగిపోయి, రేషను మళ్లీ చౌకధరల దుకాణాల నుంచే ఇస్తున్నారు. ఆ నిర్ణయాల మంచిచెడ్డల మాట అటుంచితే, ఒకే పనిని నమ్ముకున్న బండికి ఆ పని ఎప్పుడు పోతుందో బండి తోలేవాడి చేతిలో ఉండదన్న సంగతి మాత్రం తేటతెల్లమైంది.

టమోటా కూడా అంతే. 2023 జులైలో మదనపల్లెలో కిలో 150 రూపాయలు దాటిన కాయ, సెప్టెంబరు నాటికి నేలచూపులు చూసింది. ఒక్క సీజను రాబడి చూసి నాలుగేళ్ల కంతులకు సంతకం చేస్తే, ధర లేని సీజన్లలో కంతు కోసం అప్పు, అప్పు తీర్చడానికి ఇంకో అప్పు తప్పదు. కంతు కోసం తపించేవాడు బండి మీద మోయరాని బరువు ఎక్కిస్తాడు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా 20 వేలు, ఆపైన టన్నుకు మరో 2 వేలు. ఒక్కసారి దొరికితే ఆ నెల కంతు జరిమానా కిందే పోతుంది.

లీజుకైనా కాగితం ఉండాలి

అయితే బాడుగకూ కొనుగోలుకూ మధ్య మరో దారి లేదా? ఉన్నది. అదే సీజను లీజు. పెద్ద పెద్ద సంస్థలకు అలవాటైన ఈ పద్ధతి చిన్న రైతు గడపకు ఇంకా రాలేదనే చెప్పాలి. పల్లెల్లో జరుగుతున్నది నోటిమాట లీజు. ‘నెలకింత ఇవ్వు, బండి నువ్వు తోలుకో’ అని తాళం చేతికిస్తారు. కాగితం ఉండదు, ఆర్.సి. బుక్కులో ఎక్కించరు.

ఇది ఇద్దరికీ ప్రమాదమే. రాతపూర్వకమైన లీజు ఒప్పందం కింద బండి ఎవరి స్వాధీనంలో ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని. లీజును ఆర్.సి.లో నమోదు చేయడానికి 1988 మోటారు వాహనాల చట్టం 51వ సెక్షను వీలు కల్పిస్తున్నది. కాగితం లేనినాడు ప్రమాదం జరిగితే ఆర్.సి.లో పేరున్నవాడే కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. బండి అమ్మేసినా పేరు మార్చకపోతే రికార్డులో ఉన్న యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. కాబట్టి అద్దె ఎంత, మరమ్మతు ఎవరిది, ఇన్సూరెన్సు ఎవరు కట్టాలి, మధ్యలో వదిలేస్తే ఏమిటి అన్నవి కాగితం మీద ఉండి తీరాలి.

మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనానికి పర్మిట్ అక్కరలేదన్నది నిజం. దాన్ని పట్టుకుని ‘చిన్న బండికి కాగితాలే అక్కరలేదు’ అనుకోవడం పొరపాటు. ఇన్సూరెన్సు, పన్ను, ఫిట్‌నెసు ఉండవలసిందే. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెసు చేయించాలి. సెకండ్‌హ్యాండు బండి కొనేవారు ఈ ఖర్చును మరువరాదు. పాత ఫైనాన్సు తీరినట్టు ఆర్.సి.లో కొట్టివేయించిందీ లేనిదీ చూసుకోకుండా డబ్బు చేతికివ్వరాదు.

చేయవలసినది ఏమిటి?

నెల పొడవునా సరకు దొరికేవారు, అంటే నాలుగైదు ఊళ్ల కాయ సేకరించే వ్యాపారులు, పాలు, కూరగాయలు, నర్సరీ నారు రోజూ తోలేవారు బండి కొనుక్కోవడమే మేలు. వారికి బాడుగ దండుగ. అయిదెకరాల లోపు రైతు ఒంటరిగా కొనడం మాత్రం ఏనుగును కొని మేతకు వెతుక్కోవడమే.

అలాంటి రైతులు పది పదిహేను మంది కలిస్తే పరిస్థితి మారుతుంది. ఒక్కరికి పడని 30 ట్రిప్పులు పది మందికి సునాయాసంగా పడతాయి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, సహకార సంఘాలు ట్రాక్టర్లు, యంత్రాలు అద్దెకిచ్చినట్టే కోత కాలానికి పికప్‌లను లీజుకు తెచ్చి, వంతుల ప్రకారం సభ్యులకు ఇవ్వవచ్చు. ముందుగా కోత తేదీలు చెప్పుకుంటే బండి కోసం కొట్లాట ఉండదు. మార్కెట్ కమిటీలు ఏ ఊరి నుంచి మండీకి బాడుగ ఎంతో యార్డులో బోర్డు మీద రాయించాలి. రాసిన ధర ఉంటే సీజనులో అడ్డగోలుగా పెంచడానికి జంకుతారు.

బ్యాంకులు కూడా తమ పద్ధతి మార్చుకోవాలి. పంట రుణానికి కోతల గడువు ఇచ్చే బ్యాంకే, అదే రైతు బండికి నెలనెలా కంతు కట్టమనడం విడ్డూరం. రాబడి వచ్చే నెలల్లో ఎక్కువ, రాని నెలల్లో తక్కువ ఉండేలా కంతులు మార్చడం అసాధ్యమేమీ కాదు. కంతు తప్పినవారి మీదికి గూండాలను పంపి బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే తప్పుపట్టింది. ఆ మాట షోరూముల్లో గోడమీద ఉంటే బాగుంటుంది.

రైతు చేయవలసిన పని ఒకటే. సంతకానికి ముందు ఒక పంట కాలం ఎన్ని ట్రిప్పులు పడ్డాయో, ఎంత బాడుగ పోయిందో చీటీ మీద రాసుకుని, ఆ మొత్తాన్ని కంతు పక్కన పెట్టి చూసుకోవాలి. ఆ చీటీలో కొనమని వస్తే ధైర్యంగా కొనాలి. వద్దని వస్తే పొరుగువాడి కొత్త బండిని చూసి మనసు మార్చుకోరాదు.