పసుపు పట్టించే గుట్టు

తెల్లచొక్కా మీద సాంబారు ఒలికితే పసుపు మరక పడుతుంది. దాన్ని బట్టలసబ్బుతో రుద్దగానే ఎర్రబారుతుంది. మరక ముదిరిందని కంగారు పడక్కర్లేదు. సబ్బులో క్షారగుణం ఉంది, క్షారం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది. సబ్బు పోయేదాకా జాడిస్తే మళ్లీ పసుపురంగే తేలుతుంది. పెళ్లికూతురి పాదాలకు పూసే పారాణి, కొత్తజంటకు దిష్టి తీసే ఎర్రనీళ్లు... వీటి వెనకున్నదీ పసుపు, సున్నాల చెలిమే. లిట్మస్ కాగితం పేరైనా వినని బామ్మలకు కూడా ఈ కిటుకు తెలుసు.

ఒక ద్రావణం ఆమ్లమో, క్షారమో, రెండూ కాని తటస్థమో తేల్చడానికి నాలుక చాలదా అనిపించొచ్చు. పుల్లగా ఉంటే ఆమ్లమే కదా! చింతపండు పులుసు వరకైతే సరే. బ్యాటరీలో పోసే యాసిడ్‌నో, తడి సున్నాన్నో నాలుకతో పరీక్షించలేం. అందుకే రంగు మార్చే సూచికలు కావాల్సి వచ్చాయి.

అయితే పసుపు సగం నిజమే చెబుతుంది. నిమ్మరసంలో వేసినా, మంచినీళ్లలో వేసినా పచ్చగానే ఉంటుంది. క్షారాన్ని పట్టిస్తుంది కానీ ఆమ్లాన్ని పట్టించదు. ఆ లోటు మందారం తీరుస్తుంది. ఎర్రమందారం రేకల్ని కాసేపు వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టండి. ఆ నీళ్లు నిమ్మరసంలో కలిస్తే ముదురు గులాబీ రంగుకు, సబ్బునీళ్లలో కలిస్తే ఆకుపచ్చకు తిరుగుతాయి. లిట్మస్‌తోనూ ఇదే జాగ్రత్త. ఎర్రకాగితం ఎర్రగానే ఉండిపోతే అది ఆమ్లమైనా కావచ్చు, తటస్థమైనా కావచ్చు. నీలికాగితం కూడా ముంచి చూడాలి. రెండూ రంగు మారకపోతేనే తటస్థం.

రంగు ఏ వైపో చెబుతుంది, ఎంతో చెప్పదు. ఆ లెక్కను 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ అందించాడు. ఆయన పనిచేసింది కోపెన్‌హాగన్‌లో ఓ బీరు కంపెనీ నెలకొల్పిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. ఆ కొలమానమే పీహెచ్, మన వ్యవసాయ పుస్తకాల్లో ఉదజని సూచిక. మామూలుగా 0 నుంచి 14 వరకూ ఉండే ఈ కొలతలో 7 తటస్థం. తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. నిమ్మరసం 2 దగ్గర, మన రక్తం 7.4 దగ్గర, సున్నపుతేట 12 పైన ఉంటాయి. ఒక్కో మెట్టుకూ తేడా పదిరెట్లు. అంటే 7 కన్నా 5లో ఆమ్లగుణం వందరెట్లు ఎక్కువ!

ఈ అంకె విలువ బాగా తెలిసేది రైతుకే. పొలంలో తెల్లటి పొర కనిపించగానే 'చౌడు' అనేస్తాం. కానీ చౌళ్లన్నీ ఒకటి కావు. పాలచౌడులో పీహెచ్ 8.5 లోపే ఉంటుంది, అక్కడ సమస్య లవణాలది. మంచినీరు నిలగట్టి, మురుగుకాల్వల్లోకి తీసేస్తే ఉప్పు కడుక్కుపోతుంది. కారుచౌడులో 8.5 దాటుతుంది. సోడియం పట్టేసిన ఆ నేలకు ఉత్త నీళ్లు చాలవు, జిప్సం వేయాలి. ఆమ్లనేలలకైతే సున్నం మందు. అదే సున్నాన్ని కారుచౌడులో చల్లితే ఖర్చు తప్ప ఫలితం ఉండదు.

కంటికి కనిపించే పొరను నమ్మి మందు వేయకూడదన్నది అందుకే. పొలంలో ఎనిమిది, పదిచోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతున తవ్వి, పక్క మట్టిని పైనుంచి కిందిదాకా పలుచగా చెక్కి తీయాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పలున్న చోట తీయకూడదు. అంతా కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో భూసార పరీక్షకు పంపాలి. పీహెచ్‌తోపాటు లవణాల లెక్క కూడా అడగాలి. ఆ రెండు అంకెలూ చేతికొచ్చాకే జిప్సం బస్తా కొనాలో, కాల్వ తవ్వాలో తేలుతుంది.