ఇంటి రక్షణకు తుపాకి: అర్జీ పెట్టేముందు

2025 మార్చిలో చిత్తూరు గాంధీ రోడ్డులోని ఒక వ్యాపారి ఇంట్లోకి దుండగులు తుపాకులతో చొరబడ్డారు. పోలీసులు ఆ భవనాన్ని చుట్టుముట్టి వారిని పట్టుకున్నారు. అంతకు దాదాపు పదేళ్ల క్రితం, 2015 నవంబరు 17న, అదే నగరంలో మేయరు కఠారి అనురాధను ఆమె కార్యాలయంలోనే కాల్చి చంపారు. ఆ హంతకులు బురఖాను ముసుగుగా వాడుకున్నారు. ఇటువంటి ఘటన జరిగినప్పుడల్లా మన మొహల్లాల్లో ఒక ప్రశ్న తలెత్తుతుంది: లైసెన్సు తీసుకొని ఇంట్లో ఒక తుపాకి ఉంచుకుంటే తప్పేమిటి?

తప్పేమీ లేదు. 1878 నాటి బ్రిటిష్ ఆయుధ చట్టం ఐరోపావారికి మినహాయింపునిచ్చి భారతీయుల చేతి ఆయుధాన్ని మాత్రం లాగివేసింది. స్వతంత్ర భారతం 1959లో తెచ్చిన ఆయుధాల చట్టంలో మతానికిగాని, వర్గానికిగాని తావు లేదు. 21 సంవత్సరాలు నిండిన పౌరుడెవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షను స్పష్టం చేస్తున్నది. రక్షణ కోసం పిస్తోలు అడగడం వేరు, 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నని గొట్టపు తుపాకిని అడగడం వేరు. రెండవదాని విషయంలో 13వ సెక్షను అర్జీదారుపట్ల మరింత ఉదారంగా ఉన్నది. మన ఊళ్లలో పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ అని పిలిచేది ఈ కోవలోనిదే.

అయితే లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. ఈ ఒక్క సంగతి తెలియక చిక్కుల్లో పడే కుటుంబాలు మనలోనే ఎక్కువ. భర్త పేరిట లైసెన్సు ఉండి, ఆయన కువైట్‌లో ఉంటే, ఆ తుపాకి ఇంట్లో ఉన్న భార్యకు రక్షణ కాదు. ఆమె దానిని చేతబట్టితే చట్టం ఆమెనే ప్రశ్నిస్తుంది. అవసరం ఆమెదైతే అర్జీ ఆమె పేరిటనే ఉండాలి, శిక్షణా ఆమే పొందాలి. తుపాకి ఎంపిక కూడా ఆమె భుజానికి, ఆమె చేతుల బలానికి తగినట్లుండాలి. దుకాణదారు మెచ్చినదో, బావమరిది చెప్పినదో కొనడం వృథా. మడత విప్పగానే లోపల తూటా ఉన్నదీ లేనిదీ కంటికి కనబడే డబుల్ బ్యారెల్ కొత్తవారికి మేలన్నది నా అభిప్రాయం.

2016 ఆయుధ నియమావళి ప్రకారం శిక్షణ ధ్రువపత్రం, శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్యుని పత్రం తప్పనిసరి. ధ్రువపత్రం చేతికి రాగానే శిక్షణ ముగిసిందనుకోవడం ప్రమాదం. పగటివేళ గురిబోర్డుపై కాల్చడం ఎవరికైనా పట్టుబడుతుంది. అర్ధరాత్రి చీకటిలో ఎదుట నిలిచినది దొంగో, నీళ్లకోసం లేచిన కొడుకో తేల్చుకోవడమే అసలు విద్య. రంజాన్‌లో సహరీకి లేపేవారు తలుపులు తట్టే వీధులు మనవి. గోడకు గోడ ఆనుకొన్న ఇళ్లలో గురి తప్పిన పెద్ద గుళ్లు తలుపు చెక్కను, పలుచని గోడను దాటి పొరుగువారి పడకగదిలోకి పోగలవు. పిల్లలున్న ఇంట తుపాకిని తాళంలో ఉంచాలి, తూటాలను వేరుచోట దాచాలి. అలా దాచినది ఆపద క్షణంలో వెంటనే అందదు. ఈ ఇబ్బందికి ఎవరి దగ్గరా మందు లేదు. అందుకే గట్టి తలుపు, వీధి దీపం, పొరుగువారి ఫోను నంబరు తుపాకికన్నా ముందు రావలసినవి.

కాల్చిన తరువాతి మాట. భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తించాయి. అవసరానికి మించిన హానికి మాత్రం అనుమతి లేదు. వెనుదిరిగి పారిపోతున్నవాని వీపుపై కాల్చినవాడు ఆత్మరక్షణ వాదం నిలబెట్టుకోవడం కష్టం.

పలమనేరు, కుప్పం వైపు అడవి పందుల బాధకు నాటు తుపాకులు దాచుకునే రైతులున్నారు. పంట రక్షణకు ముందు నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు కోరవచ్చునని అదే 13వ సెక్షను చెబుతున్నా, ఆ సంగతి వారికి చెప్పేవారు లేరు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని తుపాకికి కనీస శిక్ష రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు. మన యువకుని వద్ద అటువంటిది దొరికితే కేసు అతనిపై పడుతుంది, అనుమానం మొహల్లా అంతటిపైనా పడుతుంది. ఆత్మరక్షణకే అన్న మాట అప్పుడు ఎవరూ వినరు. పెళ్లి బారాతులో ఉత్సాహంతో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పడవేసినా అదే సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

నిజమైన అవసరమున్నవారు దళారీని ఆశ్రయించక, చిత్తూరుకో తిరుపతికో తమ జిల్లా కలెక్టరు కార్యాలయానికి నేరుగా వెళ్లండి. ఫైళ్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవాడిగా చెబుతున్నాను: నోటిమాటతో తిప్పి పంపితే వచ్చేయకండి, అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. అంతకుముందే బెదిరింపులు వచ్చి ఉంటే వాటిపై పోలీసు స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు ప్రతిని జతచేయండి. నిరాకరిస్తే కారణాలు లిఖితపూర్వకంగా కోరండి. ప్రజాహితం దృష్ట్యా చెప్పరాదనుకున్నప్పుడు తప్ప అధికారి వాటిని ఇవ్వవలసిందే. ఆ ఉత్తర్వుపై 18వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు.