జేబులో కార్డు, ఫోన్‌లో ఫొటో



"కార్డు జేబులో ఉండగానే పక్కన నిలబడ్డవాడు మిషన్ పెట్టి డబ్బులు లాగేస్తాడంట, నిజమేనా?" అని మనవాళ్లు అడుగుతుంటారు. ఇందులో కొంత నిజం ఉంది, కొంత ఉత్త భయం ఉంది. రెండూ విడదీసి చూద్దాం.

తాకిస్తే పనిచేసే కార్డులో బ్యాటరీ ఉండదు. లోపల చిన్న చిప్, దానికి కలిపి సన్నని తీగచుట్ట ఉంటాయి. మిషన్ దగ్గరికి తీసుకెళ్లగానే దాని నుంచే కార్డుకు శక్తి అందుతుంది, అప్పుడు కార్డు జవాబు చెబుతుంది. బ్యాంకు కార్డు కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే పలుకుతుంది. బస్సులో అవతలి చివర కూర్చున్నవాడు దాన్ని చదవలేడు. ఆనుకుని నిలబడి చదివినా పిన్ నంబరు రాదు, కార్డు వెనకున్న మూడంకెలూ రావు. కానీ మలేషియాలో 250 రింగ్గిట్ల వరకు పిన్ లేకుండానే కార్డు తాకించి చెల్లించవచ్చు. అందుకని కార్డు పోయినప్పుడే అసలు ప్రమాదం. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి ఆపించండి. ఈ సదుపాయం అక్కర్లేదనుకుంటే బ్యాంకులో చెప్పి తీయించుకోవచ్చు.

గేటు కార్డు సంగతి వేరు. పాత రకం కార్డులు ఏ మిషన్ అడిగినా తమ నంబరు చెప్పేస్తాయి. నకలు తీయడం తేలిక. వాటికంటే గట్టిదనుకున్న మైఫేర్ క్లాసిక్ కార్డు తాళాన్ని కూడా 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విప్పి చూపించారు. నకలు కార్డుతో ఎవడో స్టోరు తలుపు తెరిస్తే కంప్యూటర్లో పడేది మన పేరే. సామాను పోతే జవాబు చెప్పుకోవాల్సిందీ మనమే. కాబట్టి "నా బదులు పంచ్ కొట్టు" అని ఎవరికీ కార్డు ఇవ్వకండి. పోతే ఆ రోజే ఆఫీసులో కాగితం రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.

ఇక పాస్‌పోర్టు. చిప్ ఉన్న పాస్‌పోర్టును ప్రపంచంలో మొదట 1998లో ఇచ్చింది మలేషియానే. మన దేశం 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. అట్ట మీద చిన్న బంగారు రంగు గుర్తు ఉంటే మీది ఆ రకమే. ఆ చిప్ ఊరికే మాట్లాడదు. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ తెలిస్తేనే తెరుచుకుంటుంది. అంటే తాళంచెవి లోపలి పేజీ మీదే అచ్చయి ఉంది. ఆ పేజీని ఫొటో తీసి ముక్కూమొహం తెలియని ఏజెంటుకు వాట్సాప్‌లో పంపితే, తాళంచెవి మన చేత్తోనే ఇచ్చినట్టు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆ ఫొటో ఉంటే చాలు, మన పేరు వాడుకోవడానికి చిప్‌తో పనే లేదు.

కాగితాలు అవసరమైన చోటే ఇవ్వండి. నకలు మీద ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇస్తున్నారో అడ్డంగా రాయండి. సిమ్ కోసమనో, అకౌంటు కోసమనో మీ పేరు అరువు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

కార్డుకు కాపలా కావాలంటే ఖరీదైన పర్సు అక్కర్లేదు. వంటింట్లో వాడే అల్యూమినియం కాగితంలో పూర్తిగా చుట్టి పెట్టుకుంటే మిషన్‌కు అందదు.

మోసపోయి డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే బ్యాంకుకో, 997కో ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఈ పేజీ చదవడం రాని రూమ్మేటు ఉంటే, ఈ రాత్రి అన్నం తినేటప్పుడు చదివి వినిపించండి.