పోయిన జబ్బుకి చుక్కలెందుకు?

పల్స్ పోలియో అప్పుడు యారాడలో ఉన్నాను, మా అక్కావాళ్ళింట్లో. ఆదివారం పాపని బూత్‌కి తీసుకెళ్ళలేదని సోమవారం ఆశా వర్కరు ఐస్ బాక్సు పట్టుకుని ఇంటికే వచ్చింది. మా బావ (ఆయనా సాఫ్ట్‌వేరే) గుమ్మంలోనే ఆపేశాడు. "పోలియో పోయింది కదమ్మా. మశూచి టీకా ఆపేశారు, ఇదెందుకు ఆపరు?" ఆవిడ ఏం చెప్తుంది పాపం, నవ్వి ఊరుకుంది. పెద్దాయనని నేనూ ఊరుకున్నా. ఇక్కడ మాత్రం ఊరుకోను :)

అసలు మశూచితో పోలికే తప్పు. మశూచి వస్తే ఒంటిమీద కనపడేది. పోలియో వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికే కాలో చెయ్యో పడిపోతుంది, మిగతావాళ్ళు తెలీకుండానే మోస్తారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో వైల్డ్ పోలియో కేసు లేదు, 2014లో సర్టిఫికెట్టూ వచ్చింది. నిజమే. కానీ లాగ్‌లో ఎర్రర్ లేనంత మాత్రాన బగ్ లేనట్టా? మనకి వేరే చెప్పాలా!

అలాగని చుక్కలు ఎప్పటికీ వేస్తూనే ఉండాలి అనేవాళ్ళతోనూ నాకు పేచీయే. చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన, బతికున్న వైరస్. టీకాలు సరిగ్గా అందని చోట అది ఒకరినుంచి ఒకరికి పాకి మళ్ళీ బలం పుంజుకోగలదు. అందుకే టైప్ 2 వైల్డ్ వైరస్ అంతరించాక, 2016 ఏప్రిల్ 25న చుక్కల్లోంచి ఆ టైప్‌ని తీసేశారు. రెండు నెలలు తిరక్కుండానే హైదరాబాదు మురుగునీటిలో టీకానుంచి పుట్టిన టైప్ 2 వైరస్ దొరికిందని తేలింది. ఒక్క పిల్లకీ జబ్బు రాలేదు. అయినా హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షలమంది పిల్లలకి ఇంజెక్షన్లు వేశారు. ఎవరికో కాలు పడిపోయేదాకా ఆగలేదు. అదీ పద్ధతి!

మరి అమెరికా? 2000లోనే చుక్కలు మానేసి ఇంజెక్షన్లకి మారింది. అయినా 2022లో న్యూయార్క్ రాష్ట్రంలో, టీకా వేయించుకోని ఒకతనికి టీకానుంచి పుట్టిన ఈ రకం వైరస్ వల్లే పక్షవాతం వచ్చింది.

కాబట్టి గొడవ ఆపాలా వద్దా అని కాదు, ఏ వరసలో ఆపాలి అని. ముందు ప్రతి పిల్లకీ 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి ఇంజెక్షన్ పడాలి. మురుగునీటి పరీక్షలు మానకూడదు. పాకిస్తాన్, అఫ్ఘనిస్తాన్‌లలో టైప్ 1 పోవాలి. అప్పుడు ప్రపంచమంతా ఒకేసారి చుక్కలు ఆపాలి. ఈలోగా ఎవరింట్లో వాళ్ళు ఆపేసుకుంటే అది పాలసీ కాదు, బద్ధకం. యారాడ కొండకి అటువైపు పోర్టు.. ఏ దేశం ఓడలు రావడం లేదు గనక?

బావా, ఇది చదువుతావని తెలుసు. ఈసారి ఆవిడొస్తే లోపలికి పిలిచి మంచినీళ్ళివ్వు. పాప చిటికెనవేలికి సిరా గుర్తు పెట్టించు. వాదన నాతో పెట్టుకో.