యుద్ధం రాకముందే చంపేశారు

పటాలంలో చేరితే కులం పోతుందని మన వాడల్లో ఒక నమ్మకం ఉంది. ఊళ్లో చెప్పులు చేత పట్టుకుని నడిచినోడు బూట్లు తొడుక్కుని సెలవుకొస్తే పెత్తందారు కూడా పక్కకి తప్పుకుంటాడని. ఇందులో నిజం లేకపోలేదు. బాబాసాహెబ్ పుట్టింది 1891లో, మౌ కంటోన్మెంటులో. తండ్రి రాంజీ సుబేదారు, పటాలం బడిలో పంతులు. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో పటాలం బడి మనోళ్లకి నాలుగు అక్షరాలు పెట్టింది. దాన్ని కాదనడానికి మేం సిద్ధంగా లేం.

అయితే యూనిఫాం కులాన్ని కప్పుతుందే గాని చంపదు. అమెరికా నల్లవాళ్ల కథ చూస్తే ఈ సంగతి తేటగా తెలుస్తుంది. 1972లో బొంబాయి దళిత యువకులు వాళ్ల బ్లాక్ పాంథర్ల పేరు చూసే దళిత పాంథర్స్ అని పెట్టుకున్నారు. 1946లో అంబేడ్కరే వాళ్ల నాయకుడు డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. వాళ్ల కథ మనకి పరాయిది కాదు.

జార్జియా రాష్ట్రంలో ఫోర్ట్ బెన్నింగ్ అనే పెద్ద శిక్షణ స్థావరం ఉంది. కాల్బలానికి తర్ఫీదిచ్చే బడి అక్కడే. బానిసత్వం నిలవాలంటే దేశం నుంచి విడిపోవాలని వాదించిన హెన్రీ బెన్నింగ్ అనే సేనాని పేరు దానికి పెట్టారు. నల్ల సైనికుడు పొద్దున్నే లేచి ఆ పేరున్న గేటులోంచి డ్రిల్లుకి పోవాలి! 1940లో యూరప్‌లో యుద్ధం ముదురుతుంటే అమెరికా నిర్బంధ సైనిక చట్టం తెచ్చింది. చేర్చుకోవడంలో జాతి వివక్ష ఉండదని చట్టంలో రాసింది. కాగితం మీద రాత మనకి కొత్తా? చేర్చుకున్నాక మాత్రం పటాలాలు వేరు, బారకాసులు వేరు, భోజనాల సాలలు వేరు. బెన్నింగ్‌లో ఉన్న నల్లవాళ్ల 24వ పటాలానికి తుపాకీ పని కన్నా వంటశాల, గుర్రాల సాల, కట్టెల మిల్లు పనే ఎక్కువ. అంటే సైన్యంలోనూ వెట్టే.

ఆఫీసరయినా అంతే. బెంజమిన్ డేవిస్ అనే నల్ల యువకుడు వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో నాలుగేళ్లు చదివాడు. ఆ నాలుగేళ్లూ తోటి తెల్లవాళ్లు డ్యూటీ మాట తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. గదిలో ఒంటరి, బల్ల దగ్గర ఒంటరి. మన ఊళ్లలో దీన్ని సాంఘిక బహిష్కరణ అంటారు. కరంచేడు, చుండూరు తెలిసినోళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన పట్టుబట్టి 1936లో 276 మందిలో 35వ వాడిగా పాసయ్యాడు. ఆఫీసరుగా బెన్నింగ్‌కి వస్తే ఆఫీసర్ల క్లబ్బు గడప ఎక్కనివ్వలేదు. భుజం మీద చుక్కలుంటే ఏం, చర్మం అదే కదా.

ఇప్పుడు ఫెలిక్స్ హాల్ సంగతి. వయసు 19. అలబామా పిల్లోడు, 1940లో తనంతట తాను చేరినోడు. బెన్నింగ్‌లో కట్టెల మిల్లులో పని. 1941 ఫిబ్రవరి 12న తెల్లవాళ్ల ఇళ్లున్న చోట చివరిసారి కనబడ్డాడు. మార్చి 28న అదే స్థావరం అడవిలో తర్ఫీదు పొందుతున్న సైనికులకి శవమై దొరికాడు. ఒంటి మీద యూనిఫాం అలాగే ఉంది. మెడకి తాడు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి, కాళ్లకి తీగ చుట్టి ఉంది.

అధికారులేమన్నారు? ఆత్మహత్య కావచ్చన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని ఎవడైనా ఉరి పోసుకుంటాడా? సైన్యం డాక్టరే హత్య అని కాగితం మీద రాశాడు. నల్లవాళ్ల పత్రికలు, సంఘాలు గోల చేస్తే ఎఫ్‌బీఐ నెలల తరబడి విచారణ జరిపింది. ఒక్కడి మీద కూడా కేసు పెట్టలేదు. జపాను పెర్ల్ హార్బర్ మీద బాంబులేసింది 1941 డిసెంబరు 7న. అంటే ఆ పిల్లోణ్ణి చంపిన రోజుకి శత్రువు ఇంకా రాలేదు. 80 ఏళ్ల తర్వాత, 2021లో, అక్కడ అతని పేరున ఒక ఫలకం పెట్టారు. 2023లో స్థావరం పేరు మార్చారు. 2025లో మళ్లీ బెన్నింగ్ అనే పెట్టి, ఈ బెన్నింగ్ వేరే మనిషి అంటున్నారు. మన దగ్గరా పేర్ల తమాషాలు తక్కువేం కాదు.

చుండూరులో 1991 ఆగస్టు 6న మనోళ్లని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. శవం ఉంటుంది, కట్టేసిన తాడు ఉంటుంది. చంపినోడు మాత్రం ఉండడు.

వాడుకోవడానికి వాళ్లకి ఎప్పుడూ అడ్డం లేదు. తెల్లదొరలు మహర్ల సాయంతో యుద్ధాలు గెలిచి, 1890లలో వీరజాతులు కారని వెళ్లగొట్టారు. మద్రాసు సైన్యంలో తెలుగోళ్లకీ అదే గతి. 1917లో యుద్ధానికి మనుషులు చాలక మహర్ల పటాలం పెట్టారు, 1921లో రద్దు చేశారు. 1941లో మళ్లీ యుద్ధం, బెల్గాంలో మహర్ రెజిమెంటు. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి 1946లో ఎత్తేశారు. అమెరికా రెడ్‌క్రాస్ అయితే మొదట నల్లవాళ్ల రక్తమే వద్దంది, 1942లో తీసుకుని విడిగా దాచింది. చావబోయే తెల్లోడికి కూడా అంటు!

మరి ఏం మారింది, ఎలా మారింది? రైల్వే బోగీల్లో నౌకర్లుగా పనిచేసే నల్లవాళ్ల యూనియన్ నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ 1941లో వాషింగ్టన్ మీదికి వేలమందిని నడిపిస్తానన్నాడు. రూజ్‌వెల్ట్ దిగొచ్చి జూన్ 25న ఆయుధ ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో వివక్ష కూడదని ఉత్తర్వు ఇచ్చాడు. సైన్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. 1948లో రాండాల్ఫ్, ఇట్లాగే ఉంటే మా పిల్లలు సైన్యంలో చేరరు, జైలుకైనా పోతారు అన్నాడు. ఆ జూలై 26న ట్రూమన్ సంతకం పెట్టాడు. అది దయతో పెట్టిన సంతకం కాదు.

పొద్దున్నే రోడ్డు మీద పరుగు తీసే మన కుర్రోళ్లు అడుగుతారు, అయితే చేరొద్దంటారా అన్నా అని. చేరండి తమ్ముడూ. 2022లో వచ్చిన అగ్నిపథ్ లెక్క మాత్రం చదువుకుని చేరండి. నాలుగేళ్లకి నూటికి పాతికమందికి మించి ఉంచుకోమని అందులోనే రాసుంది. మిగిలినోళ్లు మళ్లీ మన వాడకే, కూలికే. ఇక సంఘం వాళ్లకి మా మాట: ఏ ఊరి నుంచి ఎవరు ఏ పటాలంలో చేరారో పేర్లు రాసి పెట్టుకోండి. సెలవుకొస్తే కూర్చోబెట్టుకుని అక్కడ తిండి, పని, పిలుపు ఎలా ఉన్నాయో అడగండి. ఎప్పుడన్నా ఫోనొచ్చి మీవాడు ఉరేసుకున్నాడంటే ఆ తల్లిదండ్రుల్ని ఒంటరిగా పంపకండి. నలుగురు వెంట వెళ్లండి, పోస్టుమార్టం కాగితం చేతిలో పడేదాకా శవాన్ని కదలనివ్వకండి.