కథ నోట్లో ఉంటే గాలిది, కాగితం మీద ఉంటే మనది

మన పిల్లల్లో సినిమా కథలు రాసేటోళ్లు తయారైతున్నరు. ఫోన్‌తోనే షార్ట్ ఫిల్ములు తీసినోళ్లూ ఉన్నరు. సంతోషమే. అయితే మిల్లు పని లెక్కనే దీనికి కూడా పనితనం, పగార్, హక్కు అని మూడుంటయి. ఈ నెల ఆ ముచ్చట చెప్పుకుందాం.

ముందు పనితనం. స్క్రీన్‌ప్లేలో కంటికి కనిపించేది, చెవికి వినిపించేది మాత్రమే రాయాలి. "మిల్లు మూతపడి అతను బాధపడుతున్నాడు" అని రాస్తే కెమెరా ఏం చూపిస్తది? భోంగా ఆగిపోయి ఏడాదైనా ఆ మనిషి తెల్లారి అదే టైముకు లేచి డబ్బా కడుగుతున్నడు, భార్య చూసీ చూడనట్టు చాయ్ పెడుతున్నది అని రాయండి. బాధ అనే మాట అక్కర లేకుండానే బాధ కనబడుతది. ఒక పేజీకి సుమారు ఒక నిమిషం సినిమా అని లెక్క. మనకు ఇంటర్వెల్ ఉంటది కాబట్టి, బయటికి పోయినోడు మళ్లీ లోపలికి ఉరికి వచ్చే మలుపు అక్కడ పడాలి.

మన బతుకుల్లో కథ ఏముందని అనుకోవద్దు. మిల్లులు బందైన ఒక కార్మిక కుటుంబం మీద జయంత్ పవార్ మరాఠీలో 'అధాంతర్' నాటకం రాసిండు. దాని ఆధారంగా 2010లో మహేశ్ మంజ్రేకర్ సినిమా తీసిండు. హిందీలో దాని పేరు 'సిటీ ఆఫ్ గోల్డ్'.

ఇక హక్కు. 1973లో 'జంజీర్' పోస్టర్ల మీద రచయితలు సలీం-జావేద్ పేర్లు లేవు. వాళ్లే పెయింటర్‌ను పెట్టి బొంబాయిలో పోస్టర్ల మీద పేర్లు రాయించుకున్నరు. మస్టర్ మీద పేరు లేకుంటే పగార్ రాదని మనకు తెలువదా!

ఇంకో కేసు వినండి. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని సినిమావాళ్లకు వినిపించిండు. తర్వాత 'న్యూ ఢిల్లీ' సినిమా వచ్చింది. అది నా నాటకమే అని ఆయన కోర్టుకు పోయిండు. 1978లో సుప్రీంకోర్టు, ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని రాసిన తీరుకే ఉంటదని తీర్పు ఇచ్చింది. ఆనంద్ ఓడిపోయిండు. కాబట్టి పిల్లలూ, "నా దగ్గర మంచి ఐడియా ఉన్నది" అని చాయ్ దుకాణంలో చెప్పుకుంట తిరగకండి. సీన్లు, మనుషులు, మాటలు మొత్తం రాసిపెట్టుకోండి.

రాసినంక స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో రిజిస్టర్ చేయించండి. అది కూడా మన యూనియన్ లెక్క ట్రేడ్ యూనియనే. మెంబరు కావాలె. ఫలానా తారీఖు నాటికి ఈ కథ నీ దగ్గర ఉన్నదని అది రుజువు.

కథ అమ్మేటప్పుడు కరారునామా చదవకుండా సంతకం పెట్టొద్దు. డబ్బు ఎంత, ఎప్పుడు, తెర మీద పేరు ఎట్లా, హక్కు ఎన్నేళ్లకు అన్నీ అందులో ఉండాలి. ఏండ్లు రాయకుంటే చట్టం ప్రకారం 5 ఏండ్లే. 2012లో చట్టం మార్చినంక, థియేటర్ ఆట కాకుండా వేరే చోట సినిమాను వాడుకుంటే రచయితకు రాయల్టీలో వాటా ఉన్నది. దాన్ని వదులుకుంటున్నానని రాయించుకున్నా చెల్లదు.

తల్లిదండ్రులకు ఒక మాట. సంతకం పెట్టే రోజు పిల్లను, పిల్లగాన్ని ఒంటరిగా పంపకండి. చదువుకున్నోళ్లను ఒకరిని తోడు తీస్కపోండి.